పారేసే ముందు ఆ సీడీలను ఒకసారి మౌంట్ చేసి చూడండి

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. గత నెలలో మా జిల్లాలోని ఒక పాత గ్రంథాలయానికి వెళ్లినప్పుడు, వేలానికి పక్కన పెట్టిన విరిగిన కుర్చీలు, పాత పత్రికల కట్టల నడుమ మూడు అట్టపెట్టెల నిండా సీడీలు, డీవీడీలు కనిపించాయి. అవేమిటని అడిగితే, "ఇవేవీ ఓపెన్ కావడం లేదు మాస్టారూ, కంప్యూటర్‌లో పెడితే ఏమీ రావడం లేదు, అందుకే తుక్కు కింద రాశాం" అని అక్కడి ఉద్యోగి మర్యాదగానే చెప్పారు. ఇరవై ఏడేళ్లపాటు డిగ్రీ విద్యార్థులకు యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ పాఠాలు చెప్పినవాణ్ణి కాబట్టి ఆ మాట విని ఊరుకోలేకపోయాను. అనుమతి తీసుకుని ఒక పెట్టెలోంచి ఇరవై డిస్కులు ఇంటికి తెచ్చుకుని, విండోస్‌కు బదులు లైనక్స్ ఉన్న నా పాత కంప్యూటర్‌లో ఒక్కొక్కటిగా పెట్టి చూశాను. ఎంత ప్రయత్నించినా చదవడానికి వీలుకానివి వాటిలో మూడే. మిగిలినవాటిలో స్థానిక చరిత్ర మీద ఎప్పుడో అచ్చయిన వ్యాసాల స్కాన్ ప్రతులు, చుట్టుపక్కల ఊళ్ల గుళ్లలోని శాసనాల ఫొటోలు, గ్రంథాలయ వార్షికోత్సవాల్లో పెద్దలు చేసిన ఉపన్యాసాల రికార్డింగులు ఉన్నాయి. డిస్కు పాడైపోవడం వేరు, డిస్కును కంప్యూటర్‌కు సరిగా తగిలించలేకపోవడం వేరు. ఈ తేడా తెలియక మన రెండు రాష్ట్రాల్లో ఇంకెన్ని పెట్టెలు తుక్కులోకి పోతున్నాయోనన్న ఆందోళనతో ఈ లేఖ రాస్తున్నాను.

తగిలించడం అన్న మాటను కావాలనే వాడాను. యూనిక్స్ పద్ధతిలో నడిచే కంప్యూటర్లలో, అంటే లైనక్స్, ఫ్రీబీఎస్‌డీ, మాక్ వంటివాటిలో, విండోస్‌లో ఉన్నట్టు సీ డ్రైవ్, డీ డ్రైవ్ అన్న విడివిడి అరలు ఉండవు. మొత్తం ఒకే చెట్టు. వేరు నుంచి కొమ్మలు చీలినట్టు రూట్ డైరెక్టరీ నుంచి మిగిలిన డైరెక్టరీలన్నీ, అంటే ఫోల్డర్లన్నీ, చీలుతాయి. సీడీలో ఉన్నది మరో చిన్న చెట్టు. మామిడికి అంటు కట్టినట్టు ఆ చిన్న చెట్టును పెద్ద చెట్టులోని ఒక కొమ్మకు కట్టడమే మౌంట్ చేయడం, ఆ కట్టు విప్పడమే అన్‌మౌంట్ చేయడం. అంటు కట్టిన చోటును మౌంట్ పాయింట్ అంటారు. సాధారణంగా అది ఖాళీ డైరెక్టరీగానే ఉండాలి. అందులో ముందే ఏవైనా ఫైళ్లు ఉంటే డిస్కు మౌంట్ అయి ఉన్నంతసేపు అవి కంటికి కనిపించవు గాని ఎక్కడికీ పోవు, కట్టు విప్పగానే మళ్లీ కనిపిస్తాయి. యూనిక్స్ సృష్టికర్తలు కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ 1971 నవంబరులో వెలువరించిన మొదటి యూనిక్స్ మాన్యువల్‌లోనే ఈ రెండు ఆదేశాలూ ఉన్నాయి. అప్పటికి సీడీ అన్న వస్తువే లేదు. యాభై ఏళ్లు దాటినా ఆ ఆలోచన చెక్కుచెదరలేదు. విద్యార్థులు తరచు చేసే పొరపాటు ఒకటి ఇక్కడే చెప్పాలి. మనం నోటితో అన్‌మౌంట్ అంటాం గాని ఆదేశం పేరులో 'ఎన్' అన్న అక్షరం ముందు ఉండదు, యు తరువాత నేరుగా మౌంట్ అని టైప్ చేయాలి. ఆ ఒక్క అక్షరం అదనంగా కొట్టి, కమాండ్ దొరకలేదన్న సందేశం చూసి, కంప్యూటర్‌దే లోపమనుకున్న పిల్లలను నేను ఏటా చూశాను.

ఇక డిస్కు సంగతి. 1985లో అమెరికాలోని లేక్ టాహో దగ్గర హై సియెర్రా అనే హోటల్లో పలు కంపెనీల ఇంజినీర్లు కూర్చుని, ఏ కంప్యూటర్‌లోనైనా చదవగలిగే సీడీ అమరికకు రూపకల్పన చేశారు. అదే కొద్ది మార్పులతో 1988లో ఐఎస్ఓ 9660 అనే అంతర్జాతీయ ప్రమాణమైంది. దాని ప్రకారం సీడీలోని సమాచారం 2048 బైట్ల సెక్టర్లుగా ఉంటుంది. మొదటి 16 సెక్టర్లను ఆ ప్రమాణం తన అవసరాలకు వాడుకోదు. ఆ తరువాతి సెక్టరులో సీడీ001 అన్న గుర్తు ఉంటుంది. మౌంట్ చేయమని ఆదేశించగానే కెర్నల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ, ముందుగా వెతికేది ఆ గుర్తునే. అది దొరికితే అక్కడి నుంచి డైరెక్టరీల జాబితా దొరుకుతుంది, దొరక్కపోతే ఇది నాకు తెలిసిన ఫైల్ సిస్టమ్ (ఫైళ్లను అమర్చే పద్ధతి) కాదని చెప్పి ఆగిపోతుంది. కాబట్టి మౌంట్ కాలేదంటే డిస్కు చచ్చిపోయిందని అర్థం కాదు. పాటల సీడీనే తీసుకోండి. అందులో ఫైల్ సిస్టమ్ అన్నదే ఉండదు, శబ్దం ట్రాకులుగా ఉంటుంది, దాన్ని ఎవరూ మౌంట్ చేయలేరు, చేయనక్కర్లేదు. నేను తెచ్చుకున్న ఇరవైలో నాలుగు అలాంటివే. ఒక విద్వాంసుడి హరికథ మొత్తం రెండు డిస్కుల్లో ఉంది. పాటల ప్లేయర్‌లో పెడితే మొదటి క్షణం నుంచి చక్కగా వినిపించింది. వాటిని కూడా "ఓపెన్ కావడం లేదు" అనే జాబితాలోనే రాశారు.

నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టిన డిస్కు మరొకటి. దాని మీద నల్లటి మార్కర్‌తో "శాసనాలు, 2006" అని తెలుగులో రాసి ఉంది. మౌంట్ అయింది, జాబితా అడిగాను. తెర నిండా ప్రశ్నార్థకాలు! ఎనిమిది ప్రశ్నార్థకాలు, ఒక చుక్క, జేపీజీ. కింద మళ్లీ ఎనిమిది ప్రశ్నార్థకాలు, ఒక చుక్క, జేపీజీ. కనిపిస్తున్న పేరును బట్టి ఏది ఏ ఊరి శాసనమో చెప్పడం అసాధ్యం. పైగా అక్షరాల సంఖ్య సమానంగా ఉన్న రెండు ఫైళ్లకు ఒకే పేరు ఉన్నట్టు కనిపిస్తుంది కాబట్టి, ఆ స్థితిలో కాపీ చేస్తే ఒకదాని మీద ఒకటి పడి కొన్ని ఫొటోలు పోయే ప్రమాదమూ ఉంది. డిస్కు పాడైనందువల్ల జరిగింది కాదిది. మొదటి ఐఎస్ఓ ప్రమాణం పేర్లకు అనుమతించింది ఇంగ్లీషు పెద్ద అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ మాత్రమే. అది కూడా ప్రాథమిక స్థాయిలో పేరుకు ఎనిమిది, ఎక్స్‌టెన్షన్‌కు మూడు అక్షరాలే. ఆ ఇరుకు భరించలేక రెండు అదనపు ఏర్పాట్లు వచ్చాయి. ఒకటి యూనిక్స్ లోకంలో పుట్టిన రాక్ రిడ్జ్, ఫైళ్ల యజమాని, అనుమతులు, పొడవాటి పేర్లు అన్నీ దాచుకుంటుంది. రెండోది మైక్రోసాఫ్ట్ తెచ్చిన జోలియెట్, పేర్లను పదహారు బిట్ల యూనికోడ్‌లో, అంటే తెలుగుతో సహా ప్రపంచ లిపులకు సంకేతాలిచ్చే పద్ధతిలో, రాస్తుంది. 2006లో ఆ డిస్కు రాసిన వ్యక్తి విండోస్‌లో ఊళ్ల పేర్లను తెలుగులో టైప్ చేశారు, జోలియెట్ వాటిని ఒక్క అక్షరం పోకుండా దాచింది. నా పాత లైనక్స్‌లో డిఫాల్ట్‌గా ఉన్న అక్షర సమితిలో తెలుగు లేకపోవడం వల్ల, ప్రతి అక్షరం స్థానంలో ఒక ప్రశ్నార్థకం పెట్టి చూపించింది. డిస్కును అన్‌మౌంట్ చేసి, ఐఓ క్యార్‌సెట్ అన్న ఆప్షన్‌కు, యూనికోడ్ అక్షరాలన్నీ చూపించగల యూటీఎఫ్8 అని ఇచ్చి మళ్లీ మౌంట్ చేశాను. అంతే, ఊరి పేర్లన్నీ వత్తులతో, గుణింతాలతో వరుసగా వచ్చి నిలబడ్డాయి. పద్దెనిమిదేళ్లు దాటిన తరువాత కూడా, ఎవరో ఓపికగా టైప్ చేసిన ఆ పేర్లను అలా చూసినప్పుడు నాకు కలిగిన సంతోషాన్ని ఇక్కడ దాచుకోలేను.

తెలుగువారు తెలుసుకోవలసిన ఇంకో చిక్కు కూడా ఇందులో ఉంది. జోలియెట్‌లో పేరుకు 64 అక్షరాల పరిమితి. తెలుగులో మనం ఒక్క అక్షరంగా చూసే 'స్త్రీ'ని యూనికోడ్ స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం అని ఆరు సంకేతాలుగా లెక్కపెడుతుంది. కాబట్టి 64 అనుకున్నది మన లిపికి వచ్చేసరికి ఇరవై, పాతిక అక్షరాల దగ్గరే అయిపోవచ్చు. పాత డిస్కుల్లో పొడవాటి వ్యాసాల శీర్షికలు మధ్యలో తెగిపోయి కనిపిస్తే, అది డిస్కు రాసినప్పుడే జరిగిన కోత అని గుర్తించాలి.

మరో డిస్కులో రెండే రెండు ఫైళ్లు కనిపించాయి. అయితే డిస్కును కిటికీ దగ్గర వెలుతురులో వాల్చి చూస్తే, రాసిన భాగం లోపలి అంచు నుంచి దాదాపు సగం దాకా వేరే ఛాయలో కనిపిస్తోంది. రెండు చిన్న ఫైళ్లకు అంత మేర అక్కర్లేదు. ఆ డిస్కును పలు సెషన్లలో రాశారన్నమాట. అంటే ఒక రోజు కొన్ని ఫైళ్లు రాసి, తరువాత ఇంకో రోజు మరికొన్ని చేర్చారు. చివరిసారి చేర్చినప్పుడు పాత జాబితాను కొత్త జాబితాతో కలపడం మరిచిపోయారు. లైనక్స్ మామూలుగా చివరి సెషన్‌నే చూపిస్తుంది కాబట్టి ముందువి మాయమైనట్టు అనిపిస్తుంది. మొదటి సెషన్‌ను చూపించమని ఆప్షన్ ఇచ్చి మౌంట్ చేస్తే నలభైకి పైగా స్కాన్ పేజీలు బయటపడ్డాయి. ఫైనలైజ్ చేయని, అంటే రాయడం ముగిసిందని ముగింపు పెట్టని డీవీడీలతోనూ, యూడీఎఫ్ అనే మరో ఫైల్ సిస్టమ్ పద్ధతిలో పెన్‌డ్రైవ్‌లా వాడిన రీరైటబుల్ డిస్కులతోనూ ఇంకొన్ని తిప్పలు ఉంటాయి. వాటిని రాసిన డ్రైవ్‌లోనే పెట్టి చూడడం తరచు పనిచేస్తుంది.

ఇప్పుడు అన్‌మౌంట్ గురించి. కాలేజీ ల్యాబ్‌లో ఒక మధ్యాహ్నం జరిగింది చెబుతాను. ఒక విద్యార్థి డ్రైవ్ బటన్ నొక్కుతున్నాడు, ట్రే బయటికి రావడం లేదు. మళ్లీ మళ్లీ నొక్కి, చివరికి పేపర్ క్లిప్ విప్పి ముందున్న చిన్న రంధ్రంలో పొడవబోయాడు. ఆపి, అన్‌మౌంట్ చేయమన్నాను. "డివైస్ ఈజ్ బిజీ" అని వచ్చింది. "నేనేమీ తెరవలేదు సార్" అన్నాడు. నిజమే, ఫైల్ ఏదీ తెరవలేదు, కానీ అతని టెర్మినల్ (ఆదేశాలు టైప్ చేసే కిటికీ) ఆ డిస్కులోని డైరెక్టరీలోనే నిలబడి ఉంది. కూర్చున్న కొమ్మను విప్పడం కుదరదు కదా! ఒక్కసారి హోమ్ డైరెక్టరీకి మారి అదే ఆదేశం ఇవ్వగానే డిస్కు విడివడింది, ట్రే వచ్చింది. మౌంట్ చేసినప్పుడు కెర్నల్ ట్రేకి తాళం వేయడం, వాడుతున్నవారందరూ తప్పుకునేదాకా ఆ తాళం తీయకపోవడం లోపం కాదు, జాగ్రత్త. ఎవరు పట్టుకుని ఉన్నారో తెలియకపోతే ఫ్యూజర్ లేదా ఎల్ఎస్ఓఎఫ్ అనే ఆదేశాలు ఆ ప్రోగ్రామ్ సంఖ్యతో సహా చూపిస్తాయి. చదవడానికి మాత్రమే పనికివచ్చే సీడీని బలవంతంగా లాగినా అందులోని సమాచారం చెడదన్నది నిజమే. అయితే పెన్‌డ్రైవ్‌కూ, తిరిగి రాయగల డిస్కుకూ అదే అలవాటు అంటుకుంటే, మెమరీలో ఉండి ఇంకా డిస్కు మీదికి చేరని రాతలన్నీ పోతాయి. అందుకే సీడీ దగ్గరే ఈ క్రమశిక్షణ నేర్పాలని నేను పట్టుబట్టేవాణ్ణి.

అధికారాల విషయం కూడా గ్రంథాలయాల్లో అడ్డం వస్తుంది. యూనిక్స్‌లో మౌంట్ చేయడం అసలు రూట్ యూజర్, అంటే సర్వాధికారాలున్న నిర్వాహకుడి పని. కారణం ఉంది. రాక్ రిడ్జ్ ఉన్న డిస్కులో రూట్ అధికారంతో నడిచే ప్రోగ్రామ్‌ను ఎవరైనా పెట్టి తేవచ్చు. అందువల్ల ఏ డిస్కును ఎక్కడ మౌంట్ చేయాలో రాసి ఉండే ఎఫ్ఎస్‌ట్యాబ్ అనే ఫైల్లో యూజర్ అన్న మాట చేర్చి సామాన్య వినియోగదారులకు అనుమతి ఇచ్చినప్పుడు, అలాంటి ప్రోగ్రాములను నడవనివ్వకుండా చేసే ఆంక్షలు వాటంతటవే వస్తాయి. అయితే యూజర్ అని రాస్తే మౌంట్ చేసిన వ్యక్తే అన్‌మౌంట్ చేయాలి, యూజర్స్ అని బహువచనంలో రాస్తే ఎవరైనా చేయవచ్చు. ఉదయం బ్యాచ్ విద్యార్థి డిస్కు తగిలించి ఇంటికి వెళ్లిపోతే మధ్యాహ్నం బ్యాచ్ అంతా ఖాళీగా కూర్చున్న రోజులు ఈ ఒక్క అక్షరం తేడా వల్లనే వచ్చాయి. ఈనాటి డెస్క్‌టాప్‌లు డిస్కు పెట్టగానే తామే మౌంట్ చేస్తున్నాయి, ఎజెక్ట్ నొక్కగానే తామే విప్పుతున్నాయి. సౌకర్యమే. కానీ ఆ సౌకర్యం పనిచేయని రోజున ఏం చేయాలో చెప్పగలవాళ్లు తగ్గిపోయారు. మా విద్యార్థులు చదివిన ఒక పుస్తకంలో సీడీ డ్రైవ్ పేరు ఇంకా హెచ్‌డీసీ అనే ఉంది. అది పాత ఐడీఈ డ్రైవ్‌ల కాలం నాటి మాట, ఇప్పటి లైనక్స్‌లో దాని పేరు ఎస్ఆర్0. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు కొట్టిన పిల్లవాడికి అలాంటి పరికరమే లేదన్న జవాబు వస్తుంది.

ఇంతకీ నా అసలు విన్నపం డిస్కులను తెరిచి చూడమని మాత్రమే కాదు, వాటికి ప్రతి తీసి పెట్టమని. మనం ఇళ్లలో, ఆఫీసుల్లో రాసిన సీడీలలో సమాచారం ఒక రంగు పొర మీద ఉంటుంది. ఎండ, వేడి, తేమ దాన్ని తినేస్తాయి. సీడీకి అసలు ప్రాణం కింది వైపు కంటే పేరు రాసే పై వైపునే ఉంది. మెరిసే లోహపు పొరకు పైన పలుచని లక్క పూత తప్ప రక్షణ లేదు కాబట్టి బాల్‌పెన్‌తో గట్టిగా రాసినా, స్టిక్కర్ అంటించి పీకినా డిస్కు పోతుంది. వేసవిలో ఇనుప బీరువాలో, కిటికీ పక్కన పెట్టిన డిస్కు పరిస్థితి వేరే చెప్పనక్కర్లేదు.

ప్రతి తీయడానికి డిస్కును మౌంట్ చేయనక్కర్లేదు. డ్రైవ్ నుంచి మొదటి సెక్టరు మొదలుకొని చివరి సెక్టరు దాకా వరుసగా చదివి ఒకే ఫైల్‌గా దాచుకోవచ్చు, దాన్నే ఐఎస్ఓ ఇమేజ్ అంటాం. పాటల సీడీలకు మాత్రం ఈ దారి పనికిరాదు, వాటి ట్రాకులను శబ్దపు ఫైళ్లుగా మార్చే ప్రోగ్రాములు వేరే ఉన్నాయి. డీడీ అనే పాత ఆదేశం ఇమేజ్ తీసే పని చేస్తుంది. అయితే ఒక్కో ట్రాక్‌ను విడివిడిగా రాసే ట్రాక్ ఎట్ వన్స్ పద్ధతిలో రాసిన సీడీల చివర చదవడానికి వీల్లేని రెండు సెక్టర్లు సహజంగానే ఉంటాయి. వాటి దగ్గర ఇన్‌పుట్ అవుట్‌పుట్ ఎర్రర్ చూసి డిస్కు పాడైందని తీర్మానించినవారిని చూశాను. ఐసోసైజ్ అనే ఆదేశంతో ఫైల్ సిస్టమ్ అసలు ఎంత ఉందో తెలుసుకుని అక్కడిదాకే చదివిస్తే ఆ భయం ఉండదు. గీతలు పడ్డ డిస్కులకు గ్నూ డీడీరెస్క్యూ ఉంది. బాగున్న భాగాలను ముందు చదివేసి, ఏ సెక్టర్లు రాలేదో ఒక మ్యాప్ ఫైల్లో గుర్తు పెట్టుకుంటుంది. అదే మ్యాప్‌తో డిస్కును మరో డ్రైవ్‌లో పెట్టి మిగిలిన సెక్టర్లకు మాత్రమే మళ్లీ ప్రయత్నించవచ్చు. ఒకే ఇమేజ్ నుంచి రాసిన డిస్కులు రెండు ఉండి, రెండూ వేర్వేరు చోట్ల దెబ్బతింటే, ఒకదానిలో పోయింది రెండోదాని నుంచి తెచ్చి ఒకే పూర్తి ప్రతిని కూర్చవచ్చు.

ఈ పని మన భాషకు కొత్త కాదు. తాటాకు శిథిలమయ్యేలోగా మరో తాటాకు మీదికి ఎక్కించుకుంటూ వచ్చినందువల్లనే ప్రాచీన కావ్యాలు మనదాకా వచ్చాయి. సీపీ బ్రౌన్ కడపలో పండితులను జీతానికి పెట్టుకుని, ఒకే కావ్యానికి దొరికిన పలు ప్రతులను పోల్చి, ఒకదానిలో చెదలు తిన్న చోటును మరొకదానితో పూరింపజేసి శుద్ధప్రతులు రాయించారు. రెండు దెబ్బతిన్న డిస్కుల నుంచి ఒక ఇమేజ్ కూర్చుతున్న రాత్రి నాకు ఆ పండితులే గుర్తుకొచ్చారు.

ఖర్చు ఎంతని అధికారులు అడగవచ్చు. మూడు పెట్టెల్లో మూడు వందల సీడీలు ఉన్నాయనుకున్నా, ఒక్కొక్కటి 700 ఎంబీ నిండా ఉందనుకున్నా మొత్తం 210 జీబీ. ఒక టీబీ హార్డ్‌డిస్కులో నాలుగో వంతు కూడా నిండదు. కావలసిన సాఫ్ట్‌వేర్ అంతా ఉచితం. యూఎస్‌బీకి తగిలించే డ్రైవ్‌లు ఇంకా దొరుకుతున్నాయి, అయితే కొత్త ల్యాప్‌టాప్‌లలో డ్రైవ్ అమర్చడం మానేశారు కాబట్టి రోజులు గడిచేకొద్దీ అవీ అరుదవుతాయి. తీసిన ఇమేజ్‌ను, ఫైల్‌నే డిస్కులా భావించే లూప్ పద్ధతిలో డిస్కు లేకుండానే మౌంట్ చేసుకుని పాఠకులకు చూపించవచ్చు, చదవడానికి మాత్రమే అన్న ఆప్షన్ పెడితే పొరపాటున ఎవరూ చెరపలేరు. ప్రతి ఇమేజ్‌కు షా256 అనే సరిచూపు సంఖ్యను (ఫైల్లో ఏ కొంచెం మారినా మారిపోయే సంఖ్య) లెక్కగట్టి, గ్రంథాలయ వస్తువులన్నీ నమోదు చేసే అక్సెషన్ రిజిస్టర్‌లో డిస్కు సంఖ్య పక్కనే రాసుకుంటే, ఏళ్ల తరువాత కూడా ఆ ప్రతి చెక్కుచెదరకుండా ఉందో లేదో చూసుకోవచ్చు.

1960 నాటి గ్రంథాలయ చట్టం ప్రకారం ఇంటి పన్నుతోపాటు మనమంతా గ్రంథాలయ పన్ను కడుతున్నాం. కాబట్టి రెండు రాష్ట్రాల జిల్లా గ్రంథాలయ సంస్థలనూ నేను అడుగుతున్నది ఇది: "ఓపెన్ కావడం లేదు" అన్న ఒక్క మాట మీద ఏ డిస్కునూ తుక్కు కింద రాయవద్దు. లైనక్స్ తెలిసిన ఒకరి చేత మౌంట్ చేయించి, చదవగలిగిన ప్రతిదానికీ ఇమేజ్ తీయించి, చదవలేనివాటిని కనీసం రెండు డ్రైవ్‌లలో ప్రయత్నించిన తరువాతే నిర్ణయం తీసుకోండి. ప్రతి జిల్లాలో ఇంజినీరింగ్, డిగ్రీ కళాశాలలు ఉన్నాయి. కంప్యూటర్ విద్యార్థులకు సెమిస్టర్ చివర చేయించే ప్రాజెక్టుల్లో ఇదొకటిగా ఇస్తే పిల్లలకు మౌంట్, అన్‌మౌంట్ పాఠం చేతికి వస్తుంది, గ్రంథాలయానికి పని జరుగుతుంది.

నేను చూసిన ఆ మూడు పెట్టెల వేలం వచ్చే నెలలో ఉందని విన్నాను. తెచ్చుకున్న ఇరవై డిస్కులను, చదవగలిగిన పదిహేడింటి ప్రతులున్న హార్డ్‌డిస్కుతో సహా ఈ వారమే తిరిగి అప్పగిస్తున్నాను. మిగిలినవాటిని చూడడానికి అనుమతిస్తే నా రెండు డ్రైవ్‌లతో ఏ రోజు రమ్మన్నా వస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత కంప్యూటర్ అధ్యాపకుడు,
గుంటూరు జిల్లా.